నరారా రీఫ్ వాక్, మన వైజాగ్ బండలు: ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలి

ద్వారక, సోమనాథ్ ప్లాన్ చేసుకునేవాళ్లు ఒక పూట నరారాకి ఉంచుకోండి, గుజరాత్‌లోని జామ్‌నగర్ నుంచి వాడినార్ వైపు దాదాపు 60 కిలోమీటర్లు. గల్ఫ్ ఆఫ్ కచ్ మెరైన్ నేషనల్ పార్క్‌లో భాగం ఇది, 1982లో పెట్టారు, దేశంలో మొట్టమొదటి మెరైన్ పార్క్ ఇదే. ఇక్కడ బోటు అక్కర్లేదు, ఈత రానక్కర్లేదు, ఆటు సమయానికి సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది, నడుచుకుంటూ వెళ్లి పగడాలు చూడొచ్చు.

మేం జనవరిలో వెళ్లాం. ఆక్టోపస్, సీ అనిమోన్ (పువ్వులా విచ్చుకునే జీవి), బ్రిటిల్ స్టార్ (సన్నని చేతులున్న నక్షత్రం లాంటి జీవి), రకరకాల పీతలు, రంగురంగుల ఫ్లాట్‌వార్మ్ (బల్లపరుపు పురుగు), ఒక్కో నీటిగుంట దగ్గర కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. ఫారెస్ట్ పర్మిషన్, లోకల్ గైడ్ తప్పనిసరి, మా గైడ్‌కి హిందీ వచ్చు, రాయి తీసి చూపించి మళ్లీ అలాగే బోర్లించి పెట్టాడు, అది చాలా నచ్చింది. పక్క గ్రూపువాళ్లు మాత్రం ఫొటోల కోసం జీవాల్ని చేతుల్లోకి తీసుకున్నారు, దయచేసి ఆ పని చేయకండి. స్టే జామ్‌నగర్‌లోనే పెట్టుకోండి, నరారా దగ్గర లాడ్జి ఏదీ మాకు కనిపించలేదు. మేం మాట్లాడుకున్న టాక్సీ లేటుగా రావడంతో ఆటు సగం అయిపోయింది, అందుకే డ్రైవర్‌కి గంట ముందు టైమ్ చెప్పండి, ఆటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైమ్ ఇవాళ పనికిరాదు.

మరి వైజాగ్ తక్కువా అంటే కాదు, లెక్కే వేరు. కచ్‌లో ఆటుపోట్ల తేడా నాలుగైదు మీటర్లు దాటుతుంది, మన దగ్గర మీటరున్నర కూడా కష్టమే, అందుకే తెన్నేటి పార్క్, జోడుగుళ్లపాలెం, మంగమారిపేట బండల మీద జీవాలన్నీ ఇరుకైన పట్టీలో సర్దుకుంటాయి, పైన నత్తలు, కింద బార్నకిల్స్ (బండకి అతుక్కునే గుల్ల జీవాలు), ఆల్చిప్పలు, ఇంకా కింద అనిమోన్లు. వైజాగ్ గొప్పంతా సీజన్‌లో ఉంది. అక్టోబర్, నవంబర్‌లో ఉత్తరం నుంచి దిగే ప్రవాహం గంగ, మహానది మంచినీళ్లు మోసుకొచ్చి ఉప్పదనం తగ్గిస్తుంది, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య అడుగు నుంచి చల్లని, పోషకాలున్న నీళ్లు పైకొస్తాయి, ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవాలు) పెరుగుతుంది. అందుకే అవే బండలకి రెండు సీజన్లలోనూ వెళ్లి చూడండి. పైగా పర్మిషన్ గొడవ లేదు, సిటీ బస్సు దిగి నడవడమే.

నా ఓటు: పిల్లలతో మొదటిసారైతే వైజాగ్, డిసెంబర్-ఫిబ్రవరి మధ్య గుజరాత్ టికెట్ ఉంటే నరారా. రెండు చోట్లా అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకట్రెండు రోజులు చూసుకోండి, అప్పుడే నీళ్లు బాగా వెనక్కి పోతాయి, గ్రిప్ ఉన్న పాత బూట్లు వేసుకోండి, వర్షాకాలంలో మాత్రం అలలుండగా బండలెక్కకండి.