కాలువ మీద కరెంటు లెక్కలకు లిబ్రెఆఫీస్ కాల్క్: ఏడాది వాడాక నా మాట

కర్నూల్లో ఉంటూ, కాలువల మీద కట్టే చిన్న జలవిద్యుత్ కేంద్రాలకు డీపీఆర్‌లు, అంటే పూర్తి ప్రాజెక్టు రిపోర్టులు, రాసిస్తుంటాను. పోయినేడాది ఒక పార్టీ ఇంకో కన్సల్టెంటు రాసిన రిపోర్టు తెచ్చి చూడమన్నారు. అందులో యూనిట్ రేటు ఒక్కటే, వడ్డీ ఒక్కటే, ముప్పై ఏళ్లూ కాలువలో నీళ్లు ఒకే తీరు. మన సీమలో నీళ్లు అట్ల వస్తాయా? కేసీ (కర్నూలు-కడప) కాలువనే చూడండి. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పడవలకూ సేద్యానికీ అని తవ్వింది. అనుకున్న రాబడి రాలేదు, 1882లో ప్రభుత్వమే కొనేసుకుంది.

ఆ రిపోర్టు పక్కన పెట్టి కాల్క్‌లో, అంటే ఎక్సెల్ లాంటి లెక్కల పట్టికలో, మొదటినుంచి లెక్క వేసుకున్నా. పైసా ఖర్చు లేదు, నా పాత ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. డేటా మెనూలో 'మల్టిపుల్ ఆపరేషన్స్' అని ఉంటుంది. వడ్డీ రేట్లు నిలువుగా, యూనిట్ రేట్లు అడ్డంగా పెడితే ప్రతి జోడీకీ లాభనష్టం ఒకే పట్టికలో వచ్చేస్తుంది. నష్టం గడులకు ఎర్రరంగు వేసుకున్నా.

అసలు పనికొచ్చింది మాత్రం ఇఫ్ (షరతు పెట్టేది), ర్యాండ్ (ఎప్పటికప్పుడు ఏదో ఒక అంకె వేసేది) ఫార్ములాలు. ఇప్పుడు కరెంటు తీసే రెండు మిషన్లే పెట్టి, మూడోదానికి పెన్‌స్టాక్‌లో (మిషన్లకు నీళ్లు తెచ్చే పెద్ద గొట్టంలో) కొమ్మ మాత్రం తీసి, దాని మూతికి ఇనుప ప్లేటు బోల్టులతో బిగించి వదిలేద్దామన్నా. ఐదో ఏట రేటు బాగుంటేనే మూడో మిషన్ కొనాలి.

"వాడని కొమ్మకు సిమెంటు యాల సార్?" అన్నాడు ఆ కేంద్రం ఓనరు.

ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పి ఎఫ్9 నొక్కమన్నా. నొక్కిన ప్రతిసారీ రేట్లు మారతాయి, మూడో మిషన్ గడిలో ఒకసారి సున్నా (కొనొద్దు), ఒకసారి ఒకటి (కొనాలి). ఆయన వేలు తీయకుండా చాలాసేపు నొక్కుతూనే ఉన్నాడు. సున్నా వచ్చినప్పుడు పోయేది ఆ కొమ్మ ఖర్చే. ఒకటి వచ్చినప్పుడు, కొమ్మ లేకపోతే కాంక్రీటు పగలగొట్టాలి, మిషన్లు ఆపాలి. సూడాన్‌లో 1966లో పూర్తయిన రోసైరెస్ డ్యాం సంగతీ చెప్పా. తర్వాత ఎత్తు పెంచుకునే వీలుతోనే దాన్ని కట్టారు, 2013లో 10 మీటర్లు పెంచారు.

రెండు జాగ్రత్తలు. ఎన్‌పీవీ (ముందు ముందు వచ్చే డబ్బు ఈరోజు విలువ కట్టేది) ఫార్ములా మొదటి మొత్తాన్ని కూడా ఏడాది చివర్లో వచ్చినట్టే లెక్కిస్తుంది. అందుకని ఈరోజు పెట్టే పెట్టుబడిని దాని బయట విడిగా తీసేయాలి. రెండోది, నీళ్లకో ర్యాండ్, రేటుకో ర్యాండ్ పెడితే లెక్క తప్పుదారి పడుతుంది. కరువేడు కాలువలో నీళ్లు తగ్గుతాయి, అదే ఏడు బోరుమోటార్లు ఎక్కువ తిరిగి కరెంటుకు గిరాకీ, దాంతో రేటూ పెరుగుతాయి. రెంటినీ ఒకే ర్యాండ్ గడికి కట్టాలి. ఈ ముడి కాల్క్ తనంతట వేయదు, మనమే వేయాలి.

పిన్నాపురం లాంటి 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీకి ఇది చాలదు. పగలు సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడి సాయంత్రం కిందికి వదిలే లెక్కకు ఏడాదికి 8760 గంటలూ విడివిడిగా చూడాలి. దానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాల్సిందే, నేనూ మొదలుపెట్టా.

చిన్న కేంద్రాలకైతే ఐదుకు నాలుగున్నర ఇస్తా. ఆ కొమ్మ ఇప్పుడు డ్రాయింగులో ఉంది, ప్లేటు కొలతలతో సహా.