సి.ఆర్. రావు గారి 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' కొనొచ్చా?

స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళు క్రామర్-రావు అనో రావు-బ్లాక్‌వెల్ అనో ఈ స్టాటిస్టీషియన్ పేరున్న సిద్ధాంతాలు పరీక్షల్లో రాసే ఉంటారు, కానీ ఆయన మామూలు పాఠకుల కోసం తెచ్చిన ఈ పుస్తకం చదివినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. రామానుజన్ శతజయంతికి ఇచ్చిన ఉపన్యాసాలే ఇవి. కళ్ళు మూసుకుని కొనేయండి.

ఎర్రకోట ముచ్చట ఒక్కటి చాలు, పెట్టిన డబ్బు గిట్టినట్టే. 1947 అల్లర్లలో ఢిల్లీ ఎర్రకోటలో తలదాచుకున్నవాళ్ళకి భోజనాలు సప్లై చేసే కాంట్రాక్టర్లు బిల్లులు ఇష్టమొచ్చినట్టు వేస్తున్నారు, లోపలికెళ్ళి తలలు లెక్కపెట్టే పరిస్థితి లేదు. అప్పుడు స్టాటిస్టీషియన్లు బిల్లుల్లోని బియ్యాన్ని, పప్పుని, ఉప్పుని విడివిడిగా తీసుకుని ఒక్కో మనిషికి పట్టే పరిమాణంతో భాగించారు. మూడింటికీ జనం ఒకటే రావాలి కదా? బియ్యం లెక్కన బాగా ఎక్కువ తేలారు, ఉప్పు లెక్కన తక్కువ. ఖరీదైన బియ్యంలో దొంగలెక్క రాస్తే లాభం గానీ చవక ఉప్పులో ఏం మిగులుతుంది, అందుకని ఉప్పునే నమ్మారు! అంకె కనబడగానే దాన్ని ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని నిలదీయడం ఈయన దగ్గరే నేర్చుకోవాలి.

ఆయన జీవితం కోసం కొంటే మాత్రం నిరాశే. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే చేసి, సైన్యంలో ఉద్యోగం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్ళి, అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, 1945లో ఆ రెండు సిద్ధాంతాలూ ఉన్న ప్రసిద్ధమైన పేపర్ రాసి, దాదాపు 40 ఏళ్ళు అక్కడే పనిచేసి, రిటైరయ్యే వయసులో అమెరికా వెళ్ళి పిట్స్‌బర్గ్‌లోనూ 1988 నుంచి పెన్ స్టేట్‌లోనూ ఇంకో పూర్తి కెరీర్ నడిపిన మనిషి! ఆ 1945 పనికి 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు. ఇంత జీవితంలోంచి మనకి దొరికేది అంకితం పేజీలో నాలుగు ముక్కలే: రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి నూనెదీపం వెలిగించి చదివించిన అమ్మ లక్ష్మీకాంతమ్మ గారి గురించి. నాకైతే ఆ పేజీ దాటడానికే కాసేపు పట్టింది.

వెయిటెడ్ డిస్ట్రిబ్యూషన్ల (అంటే సమాచారం సేకరించే తీరు వల్ల కొన్ని ఎక్కువగా, కొన్ని తక్కువగా లెక్కలోకి రావడం) అధ్యాయం కష్టం. అబ్బాయిల్ని మీ ఇంట్లో మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు అని అడిగి అందరి జవాబులూ కలిపితే దాదాపు ఎప్పుడూ మగపిల్లలే ఎక్కువ తేలతారు, ఎందుకంటే మగపిల్లాడే లేని ఇళ్ళు ఆ లెక్కలోకి రావు, ఇంతవరకూ హాయిగా ఉంటుంది. ఆ తర్వాత ఫార్ములాలు మొదలవుతాయి, ప్రాబబిలిటీ రానివాళ్ళు టెన్షన్ పడకుండా పేజీలు తిప్పేయొచ్చు.

కొనేటప్పుడు 1997 నాటి రెండో ఎడిషనే చూసుకోండి, మామూలు జనం అంకెల్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే అధ్యాయం అందులో అదనంగా ఉంది.