పేస్ట్ కొట్టే ముందు ఐకాన్ చూడు: లైనక్స్‌లో నాలుగేళ్ల పాస్‌వర్డ్ ఎక్స్‌టెన్షన్ కాపురం

నాది తెనాలిలో చిన్న ఆఫీసు. రెండు టేబుళ్లు, మూడు కంప్యూటర్లు, నేను, నా దగ్గర పనిచేసే కుర్రాడు. చిన్న వ్యాపారుల జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తాం. ఒక్కో క్లయింటుకు తక్కువలో తక్కువ మూడు లాగిన్లు. ఒకప్పుడు ఇవన్నీ బైండు పుస్తకంలో ఉండేవి, తర్వాత ఎక్సెల్ షీటులోకి చేరాయి. ఆ షీటు పేరు 'పాస్‌వర్డ్స్ న్యూ ఫైనల్ 2'. నవ్వుకోండి, పర్లేదు.

లైనక్స్‌కి, అంటే విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కి, వచ్చింది మోజుతో కాదు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు విండోస్ 10ని మోయలేక మూలుగుతుంటే, ఎస్‌ఎస్‌డీ వేసి లైనక్స్ ఎక్కించాం. డిజిటల్ సంతకం టోకెన్ పని కోసం ఒక విండోస్ మెషీన్ మాత్రం అలాగే ఉంచాను. మిగతాదంతా నాలుగేళ్లుగా లైనక్స్‌లోనే నడుస్తోంది.

మొదట డబ్బు కట్టి ఒక క్లౌడ్ పాస్‌వర్డ్ మేనేజర్, అంటే పాస్‌వర్డులన్నీ తన సర్వర్లో దాచి పెట్టే సర్వీసు, వాడాను. పేరు చెప్పను. లైనక్స్‌కి దాని అసలు యాప్ లేదు, బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, అంటే ఎక్స్‌టెన్షన్, ఒక్కటే గతి. బ్రౌజర్ మూసి తెరిచినప్పుడల్లా మాస్టర్ పాస్‌వర్డ్ అడిగేది, నెట్ పోతే లోపలికే రానిచ్చేది కాదు. ఎనిమిది నెలలు ఓపిక పట్టి వదిలేశాను. తర్వాత 2022 చివర్లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ కంపెనీ తమ వినియోగదారుల వాల్టుల (పాస్‌వర్డులు దాచే పెట్టెల) బ్యాకప్‌లు దొంగల చేతికి వెళ్లాయని స్వయంగా ప్రకటించింది. వాల్టులు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయన్నారు, కానీ సైట్ల అడ్రసుల లాంటివి కొన్ని మామూలుగానే ఉన్నాయట. ఊళ్లో వాళ్ల పాస్‌వర్డులు నా చేతిలో పెట్టుకుని ఎక్కడో ఉన్న సర్వర్ మీద భారం వేయడం ఇక కుదరదనుకున్నాను.

అప్పటికే కీపాస్‌ఎక్స్‌సీ అనే పాస్‌వర్డ్ యాప్‌కి మారిపోయాను. ఉచితం, ఓపెన్ సోర్స్, డేటాబేస్ ఒక్క ఫైలు, అది మన డిస్క్ మీదే ఉంటుంది. రెండు మెషీన్లలో ఆ ఫైలు ఒకేలా ఉండేట్టు సింక్‌థింగ్ అనే ప్రోగ్రామ్‌తో సర్దుకుంటాం. ఇద్దరం ఒకేసారి మారిస్తే సింక్‌థింగ్ ఇంకో కాపీ తయారుచేసి పెడుతుంది, దాన్ని మెర్జ్ చేసుకుంటే సరిపోతుంది. యాప్ గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు, బాగుంది. నా గోడంతా బ్రౌజర్‌లో ఉండే ఎక్స్‌టెన్షన్ గురించి.

అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే తప్ప ఎందుకు ఆగిపోతుందో అర్థం కాదు. ఎక్స్‌టెన్షన్ తన దగ్గర ఒక్క పాస్‌వర్డూ దాచుకోదు. అది బ్రౌజర్‌ని అడుగుతుంది. బ్రౌజర్ హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్న ఒక చిన్న జేసన్ ఫైలు చూసి, అందులో రాసి ఉన్న ప్రాక్సీ ప్రోగ్రామ్‌ని నడుపుతుంది. ఆ ప్రాక్సీ వెళ్లి అసలు యాప్‌తో మాట్లాడుతుంది. దీన్ని నేటివ్ మెసేజింగ్ అంటారు. నలుగురు బోయీలు మోసే పల్లకీ అనుకోండి. ఒకడి కాలు మడత పడితే పల్లకీ కదలదు, లోపల కూర్చున్నవాడికి ఎవడి కాలు మడత పడిందో కనపడదు. మనకు కనిపించేది ఒకటే: కనెక్ట్ కాలేకపోతున్నాం, బ్రౌజర్ ఇంటిగ్రేషన్ ఆన్ అయి ఉందో లేదో చూసుకోండి అనే మాట. ఆన్‌లోనే ఉంటుంది. పదిసార్లు చూసినా ఆన్‌లోనే ఉంటుంది.

ఇక్కడే లైనక్స్ సంగతి వస్తుంది. విండోస్‌లో బ్రౌజర్ అంటే ఒక బ్రౌజర్. మనకు అదే ఫైర్‌ఫాక్స్ డెబ్‌గా, స్నాప్‌గా, ఫ్లాట్‌ప్యాక్‌గా, విడి టార్ ఫైలుగా, అంటే నాలుగు రకాల ప్యాకేజీలుగా దొరుకుతుంది. చూడ్డానికి అన్నీ ఒకటే. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అయితే ప్రోగ్రామ్‌ని గదిలో కూర్చోబెట్టి గడియ పెట్టినట్టు నడుపుతాయి. భద్రతకు అది మంచిదే. కానీ గదిలో ఉన్న బ్రౌజర్ బయట ఉన్న ప్రాక్సీని ఎలా పిలుస్తుంది? 2022 ఏప్రిల్‌లో లైనక్స్ రకాల్లో (డిస్ట్రోల్లో) ఒకటైన ఉబుంటు 22.04 వచ్చినప్పుడు ఫైర్‌ఫాక్స్ డెబ్ పోయి స్నాప్ వచ్చింది. మొదట్లో అందులో నేటివ్ మెసేజింగ్‌కి దారి లేదు. తర్వాత డెస్క్‌టాప్ పోర్టల్ ద్వారా, అంటే అనుమతి అడిగి బయటివాటిని పిలిచే ఏర్పాటుతో, ఒక కిటికీ తెరిచారు.

నా మెషీన్లో కూడా ఆ రోజుల్లోనే ఒక అప్‌గ్రేడ్ తర్వాత బ్రౌజర్ స్నాప్‌గా మారింది. మారిందని నాకు తెలియదు. బొమ్మ అదే, బుక్‌మార్కులు అవే. పాస్‌వర్డులు మాత్రం నిండడం లేదు. ఆరోజు పద్దెనిమిదో తారీఖు. ఇరవైకల్లా 3బీలు, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్నులు, వెళ్లాలి. ఎక్స్‌టెన్షన్ తీసి మళ్లీ వేశాను, యాప్ తీసి మళ్లీ వేశాను, జేసన్ ఫైలు తెరిచి దారి సరిగ్గా ఉందో లేదో అక్షరం అక్షరం చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఉన్న తేడా ఒక్కటే, బ్రౌజర్‌కి ఆ ఫైలు కనపడటం లేదు. రెండు సాయంత్రాలు పోయాయి. ఎవరినీ తిట్టుకోవడానికి లేదు, శాండ్‌బాక్స్, అంటే ఆ గడియ పెట్టిన గది, దాని పని అది చేసింది.

కిటికీ తెరిచాక ఇంకో సరదా. ఎక్స్‌టెన్షన్ మొదటిసారి బయటి ప్రోగ్రామ్‌ని పిలిచినప్పుడు అనుమతి అడిగే బాక్స్ వస్తుంది. మా కుర్రాడి మెషీన్లో కూడా వచ్చింది, వాడు 'వద్దు' నొక్కాడు. ఎందుకు నొక్కావురా అంటే, "బ్రౌజర్ ఏది అడిగినా వద్దనే నొక్కమన్నారు కదా సార్" అన్నాడు. నిజమే, నోటిఫికేషన్ల గోల భరించలేక అలా నేర్పింది నేనే. సిస్టమ్ ఆ 'వద్దు'ని జాగ్రత్తగా రాసి పెట్టుకుంది, మళ్లీ అడగలేదు. ఆ జవాబు ఎక్కడ రాసి పెట్టుకుందో వెతికి చెరపడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది.

చివరికి పనిచేసిన మందు చాలా మామూలుది. 2024 జనవరిలో, ఫైర్‌ఫాక్స్ 122తో పాటు, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా తన సొంత ఆప్ట్ రిపాజిటరీ (డెబ్‌లు దింపుకునే చోటు) నుంచి డెబ్ ప్యాకేజీలు ఇవ్వడం మొదలుపెట్టింది. రెండు మెషీన్లలో స్నాప్ తీసేసి అది వేశాను, మళ్లీ స్నాప్ దూరకుండా ప్రయారిటీ పిన్ పెట్టాను. యాప్ కూడా మామూలు ప్యాకేజీయే. అప్పటి నుంచి ఇప్పటిదాకా లింకు తెగింది రెండుసార్లే, ఆ రెండూ నేను కెలికినందువల్లే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా అడిగితే ముందు చెప్పేది ఇదే: ఎక్స్‌టెన్షన్ సెట్టింగుల్లో తల దూర్చకండి, మీ బ్రౌజర్ ఏ ప్యాకేజీగా వచ్చిందో చూసుకోండి.

లింకు నిలబడ్డాక అసలు వాడకంలో చికాకులు తెలిశాయి. ఇలాంటి ఎక్స్‌టెన్షన్లు ఒక మనిషికి ఒక సైటులో ఒకటో రెండో అకౌంట్లు ఉంటాయనుకుని చేసినవి. నాకు ఒకే అడ్రసు మీద అరవై చిల్లర లాగిన్లు ఉన్నాయి. మొదటిసారి సైటు తెరవగానే, వీటికి అనుమతి ఇవ్వాలా అని అరవై పేర్లతో యాప్ ఒక డైలాగ్ చూపించింది, అది కూడా బ్రౌజర్ వెనకాల. లైనక్స్‌లో తెర మీద విండోలు చూపించే కొత్త వ్యవస్థ వేలాండ్‌లో ఒక విండో తనంతట తాను ముందుకు దూసుకురావడానికి వీల్లేదు. నేనేమో పేజీ వైపు చూస్తూ ఎందుకు నిండదని కూర్చున్నాను, డైలాగ్ వెనకాల నా జవాబు కోసం కూర్చుంది.

అనుమతి ఇచ్చాక యూజర్‌నేమ్ బాక్సులో తాళంచెవి బొమ్మ వస్తుంది. నొక్కితే జాబితా కిందికి జారుతుంది. మా ఊళ్లో సగం షాపుల పేర్లు 'శ్రీ'తో మొదలవుతాయి, అందులో సగం 'శ్రీ లక్ష్మి'. యూజర్‌నేములు కూడా అలాగే పెట్టుకున్నారు. ఒకదాని కింద ఒకటి పన్నెండు 'శ్రీలక్ష్మి'లు, చివర ఒక అంకె తేడా. ఒకసారి కిరాణా షాపు అనుకుని ఎరువుల షాపులోకి లాగిన్ అయ్యాను. అమ్మకాల అంకెలు కొట్టేశాను, సేవ్ కూడా చేశాను. ఫైల్ చేయబోతూ పైన ట్రేడ్ నేమ్ చూస్తే గుండె జారింది. ఫైల్ చేసిన 3బీని వెనక్కి తీసుకోవడానికి ఉండదని ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అదృష్టం, సేవ్ దగ్గరే ఆగింది.

ఆ రోజుతో క్లయింట్ల లాగిన్లకు ఎక్స్‌టెన్షన్ బంద్. ఇప్పుడు యాప్‌లోనే కంట్రోల్ ఎఫ్ కొట్టి షాపు యజమాని పేరుతో వెతుకుతాం, కంట్రోల్ బీతో యూజర్‌నేమ్, కంట్రోల్ సీతో పాస్‌వర్డ్ కాపీ. పది సెకన్లలో క్లిప్‌బోర్డు దానంతట అదే ఖాళీ అవుతుంది. మా కుర్రాడికి ఆ పది సెకన్లు చాలవు, ఎంత పెంచమన్నా పెంచలేదు. యాప్ తానే అక్షరాలు కొట్టిపెట్టే ఆటో టైప్ ఉంది కదా అంటారేమో. వేలాండ్‌కి ముందున్న ఎక్స్11లో అది అద్భుతంగా నడిచేది, వేలాండ్‌కి వచ్చాక కీపాస్‌ఎక్స్‌సీ 2.7 సిరీస్‌లో దాన్ని మర్చిపోవాల్సిందే. ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్ కిటికీలో అక్షరాలు కొట్టడాన్ని వేలాండ్ మామూలుగా ఒప్పుకోదు. భద్రత కోసమే అది కూడా. భద్రత పేరుతో నా చేతులు ఎన్ని వైపుల నుంచి కట్టేస్తారో చూస్తుంటే ముచ్చటేస్తుంది.

బ్యాంకుల సైట్ల సంగతి వేరే. పేజీలో పేస్ట్ పనిచేయనివ్వని బ్యాంకు ఒకటి, తెర మీద కీబోర్డులో ఒక్కో అక్షరం నొక్కమనేది ఒకటి. పన్నెండు అక్షరాలు దాటకూడదని, గుర్తుల్లో నాలుగే వాడాలని చెప్పేది ఇంకొకటి. ఇవన్నీ ఎక్స్‌టెన్షన్ తప్పులు కావు కానీ తిట్లు తినేది అదే. పాస్‌వర్డ్ మార్చే పేజీలో అయితే జాగ్రత్తగా ఉండాలి. పాత పాస్‌వర్డ్ తీసుకెళ్లి కొత్తది రాయాల్సిన బాక్సులో నింపడం నా కళ్లతో చూశాను.

పేజీ తెరవగానే దానంతట అదే నింపే ఆప్షన్ మాత్రం నేను ఎప్పుడూ ఆన్ చేయలేదు. 2025 ఆగస్టులో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సభలో మారెక్ టోత్ అనే పరిశోధకుడు పదకొండు పాస్‌వర్డ్ మేనేజర్ల ఎక్స్‌టెన్షన్ల మీద ఒక కిటుకు చూపించాడు. పేజీలో ఎక్స్‌టెన్షన్ పెట్టే జాబితాని కనపడకుండా చేసి, దాని చోట కుకీల బ్యానర్ లాంటిది చూపిస్తే, మనం బ్యానర్ మూస్తున్నాం అనుకుని ఆ జాబితా మీదే నొక్కుతాం. దాని గురించి చదివాక, మనం అడిగినా సరే కాస్త ఆలోచించి నింపితే బాగుండు అనిపించింది.

ఇన్ని చెప్పి ఇంకా ఎందుకు ఉంచుకున్నావంటే, దానికి ఒక కారణం ఉంది. పోయినేడాది ఒక క్లయింటు వాట్సాప్‌లో లింకు పంపించాడు. రీఫండ్ వచ్చింది, లాగిన్ అయి అకౌంటు కన్ఫర్మ్ చేయండి అని. తనకి ఎవరో పంపితే మాకు ఫార్వర్డ్ చేశాడు, పాపం. మా కుర్రాడు కంప్యూటర్‌లో తెరిచాడు. పేజీ అచ్చం అదే. రంగులు, లోగో, క్యాప్చా కూడా. తాళంచెవి బొమ్మ మాత్రం రాలేదు.

"సార్, మళ్లీ పోయింది. కాపీ కొట్టి వేసేస్తా" అన్నాడు.

నేను వేరే పనిలో ఉండి 'ఊఁ' అన్నాను. యూజర్‌నేమ్ పేస్ట్ చేసేశాడు. పాస్‌వర్డ్ కోసం యాప్‌లోకి వెళ్తుంటే ఎందుకో కుర్చీ జరిపి చూశాను. అడ్రసులో మనకు అలవాటైన పేరు ఉంది, దాని తర్వాత ఇంకేదో ఉంది. ట్యాబ్ మూయించాను. ఆ క్లయింటుకి ఫోన్ చేస్తే, తను ఫోన్‌లో అప్పటికే ఓపెన్ చేశాడట. పాస్‌వర్డ్ గుర్తు లేక ఆగిపోయాడు. మర్చిపోయినందుకు మెచ్చుకుని, పాస్‌వర్డ్ మార్చేశాం.

ఎక్స్‌టెన్షన్ ఆరోజు తన పని తాను చేసింది. ఆ అడ్రసు తన దగ్గర లేదు, అందుకే నోరు మెదపలేదు. వచ్చిన చిక్కల్లా, అంతకు ముందు రెండేళ్లు అది ఉత్తినే కూడా అలాగే నోరు మెదపకుండా ఉండేది. "ఇది దొంగ సైటు" అన్నా, "నాకు యాప్ దొరకలేదు" అన్నా పేజీలో మాకు కనిపించేది ఒకటే, ఖాళీ బాక్సు. ఆ ఖాళీ బాక్సు చూస్తే కాపీ కొట్టాలని మా ఇద్దరి చేతులకి అలవాటైపోయింది. క్లయింట్ల లాగిన్లు నేను కాపీలోకే మార్చడం ఆ అలవాటుని ఇంకా ముదిరేలా చేసింది, అది నా తప్పు.

నిజానికి రెంటికీ తేడా తెలిసే చోటు ఒకటుంది, టూల్‌బార్‌లో ఐకాన్. లింకు తెగితే దాని మీద ఇంటు గుర్తు, డేటాబేస్ లాక్ అయి ఉంటే తాళం, అంతా బాగుంటే మామూలు బొమ్మ. మా బ్రౌజర్లలో అది ఎక్స్‌టెన్షన్ల పజిల్ ముక్క వెనకాల దాగి ఉండేది. ఇప్పుడు దాన్ని బయటికి లాగి అడ్రస్ బార్ పక్కన పిన్ చేశాను. కాపీ పద్ధతి అలాగే ఉంది కానీ, పేస్ట్ కొట్టే ముందు పేజీలో తాళంచెవి బొమ్మ వచ్చిందో లేదో చూడాలని రూలు పెట్టాను. బొమ్మ రాలేదు, ఐకాన్ మాత్రం బాగుంది అంటే నన్ను పిలవాలి. మొదటి వారం ఊరికే ఊరికే పిలిచాడు, ఇప్పుడు తగ్గింది.

కాబట్టి నా వాడకం ఇలా స్థిరపడింది: మా సొంత మెయిళ్లు, బిల్లులు, షాపింగ్ లాంటి వాటికి ఎక్స్‌టెన్షన్ నింపుతుంది, నొక్కితేనే. క్లయింట్లవి యాప్ నుంచి కాపీ, ఎక్స్‌టెన్షన్ కాపలాకి మాత్రమే. ఐదుకి యాప్‌కి నాలుగున్నర ఇస్తాను. ఎక్స్‌టెన్షన్‌కి మామూలు డెబ్ బ్రౌజర్ మీద మూడున్నర, శాండ్‌బాక్స్‌లో ఉన్న బ్రౌజర్ మీద ఒకటిన్నర.

డిస్ట్రో కొత్త వెర్షన్ వచ్చింది, అప్‌గ్రేడ్ చేయమంటారా అని తెర మూలన రెండు వారాలుగా గుర్తు కనిపిస్తోంది. కుర్రాడు కూడా రెండుసార్లు అడిగాడు. ఇరవయ్యో తారీఖు దాటనీ అన్నాను.