బరోలో ఊళ్లలో: బస లా మోర్రాలో, చివరి గ్లాసు సెర్రలుంగాలో

బరోలో అనే రెడ్ వైన్ కోసం ఇటలీలోని పీడ్‌మాంట్ వెళ్లేవాళ్లకు నా మొదటి మాట: బస ఆల్బా పట్నంలో వద్దు, లా మోర్రా అనే ఊళ్లో పెట్టుకోండి. టూరిన్ నుంచి ఆల్బాకు రైలుంది, హోటళ్లకూ కొదవ లేదు. కానీ అక్టోబరు, నవంబరుల్లో అక్కడ తెల్ల ట్రఫుల్ (నేలలో దొరికే ఖరీదైన పుట్టగొడుగు లాంటిది) జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో గది దొరకడం కష్టం, దొరికినా రేటు మండిపోతుంది. మాకు దొరికిన గదిలో కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ. మర్నాడే లా మోర్రా దిగువన, ద్రాక్షతోటల మధ్య ఒక రైతు కుటుంబం నడిపే ఇంటికి మారిపోయాం.

గది చిన్నది, వైఫై అంతంతమాత్రం. అయినా మళ్లీ వెళ్తే అక్కడికే వెళ్తాను. పొద్దున్నే కాఫీ, హేజల్‌నట్ కేకు బయట బల్ల మీద పెట్టేవాళ్లు. కింద లోయంతా పొగమంచు, పైన కొండల మీద ఊళ్లు, కోట బురుజులు మాత్రం తేలి కనిపించేవి. మేం మాంసం ముట్టం అని చెబితే రాత్రికి వెన్నతో తాజరిన్ అనే సన్నటి పాస్తా చేసి పెట్టారు. గుడ్డు కూడా ముట్టనివాళ్లు ముందే చెప్పుకోవాలి, ఆ పిండిలో పచ్చసొన దండిగా వేస్తారు.

ఇక వైన్ సంగతి. నెబ్బియోలో అనే ఒకే ఒక్క ద్రాక్ష, అదీ లాంగే కొండల్లోని 11 ఊళ్ల పరిధిలో పండినదైతేనే బరోలో. కనీసం 38 నెలలు మాగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. ఇంకా ఎక్కువ మాగబెట్టే రిజర్వా రకమైతే 62 నెలలు. గ్లాసులో పోస్తే ఇంత పలచగా ఉందేంటి అనిపిస్తుంది. గ్లాసు వంచితే అంచు దగ్గర ఇటుక రంగు తిరుగుతుంది. ముందు ఎండిన గులాబీల వాసన, కాసేపాగితే తారు వాసన. గుటక వేశాక నేరేడుపండు తిన్నట్టు నాలుక, చిగుళ్లు పిడచకట్టుకుపోతాయి. ఆ వగరే ఈ వైన్‌కు ఆయుష్షు. మంచి సంవత్సరానిదైతే ఇరవై, ముప్ఫై ఏళ్లు నిలుస్తుంది.

పడమటి వైపు లా మోర్రా, బరోలో ఊళ్ల నేల నీలిబూడిద రంగు మెత్తటి సున్నపుమట్టి. అక్కడి వైన్ పరిమళంగా, కాస్త తొందరగా మెత్తబడుతుంది. తూర్పున సెర్రలుంగా, మోన్‌ఫోర్తెల్లో ఇసుకరాయి ఎక్కువ. వైన్ బిగుసుకుని ఉంటుంది, చాలా ఏళ్లు ఆగమంటుంది. బరోలో ఊరి కోట కింది ఎనోటెకాలో, అంటే వైన్ దుకాణంలో, ఒకే సంవత్సరానివి ఈ రెండూ పక్కపక్కన పోయించుకుని తాగాం. అవి రెండూ ఒకే ద్రాక్షవంటే నమ్మబుద్ధి కాలేదు. నా ఓటు సెర్రలుంగాకే.

అదే కోటలో 2010లో తెరిచిన వైన్ మ్యూజియం ఉంది. హంగామా ఎక్కువ, విషయం తక్కువ. గంట చాలు. 19వ శతాబ్దంలో ఈ వైన్‌కు పేరు తెచ్చిన మార్కీజా జూలియా ఫల్లెత్తి కుటుంబ గదులు మాత్రం తప్పక చూడాలి. సెర్రలుంగా కోట అలా కాదు. 14వ శతాబ్దపు కట్టడం, సన్నగా నిటారుగా ఉంటుంది. లోపలికి గైడ్‌తోనే పంపిస్తారు. పైనుంచి చూస్తే ఏ తోట ఎటు తిరిగి ఉందో, ఎండ ముందు ఎవరి వాలు మీద పడుతుందో ఇట్టే తెలిసిపోతుంది.

సెల్లార్లలో, అంటే వైన్ చేసి మాగబెట్టే చోట్లలో, పెద్ద పేర్ల వెంట పడకండి. మేం చూసిన ఒక పెద్ద సెల్లార్‌లో గ్రూపుగా నడిపించి, హడావుడిగా పోసి పంపించేశారు. చిన్న చోట ఆ ఇంటి ఆడపడుచే పీపాలోంచి గాజు గొట్టంతో వైన్ తీసి పోసింది. ఇక్కడ పీపాల మీద పెద్ద గొడవే నడిచింది. పాతవాళ్లవి స్లవోనియా ఓక్‌తో చేసిన భారీ పీపాలు, 1980ల కుర్రాళ్లవి చిన్న ఫ్రెంచి పీపాలు. 1983లో లా మోర్రాకు చెందిన ఎలియో అల్తారే అనే వైన్ తయారీదారు తన తండ్రి పెద్ద పీపాలను చైన్‌సాతో కోసేశారు, తండ్రి ఆయనకు ఆస్తి లేకుండా చేశాడు. ఇప్పుడు ఆ వేడి చల్లారింది, చాలామంది మళ్లీ పెద్ద పీపాల వైపు వచ్చారు. నాకూ ఆ పాత పద్ధతే నచ్చింది, చెక్క వాసన ద్రాక్షను మింగేయదు.

అపాయింట్‌మెంట్ లేకుండా చిన్న సెల్లార్లు తలుపు తీయవు, మెయిల్ ముందే పెట్టండి. ఊళ్ల మధ్య బస్సులు తక్కువ, ఆదివారం వాటిని నమ్ముకోలేం. కారు తీసుకుంటే నడిపేవాళ్లు రుచి చూసి ఉమ్మేయాల్సిందే. అందుకే గిన్నె పెడతారు, అక్కడ ఎవరూ తప్పు పట్టరు. మేం ఒకపూట డ్రైవర్‌తో కారు మాట్లాడుకున్నాం, ఖర్చైనా టెన్షన్ లేకుండా తిరిగాం.

ఇండియాకు డ్యూటీ లేకుండా రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు, అంటే మామూలు సీసాలు రెండు. ఒకటి లా మోర్రాది కొనండి, ఇంటికొచ్చాక ఆ ఏడాదే తెరవచ్చు. రెండోది సెర్రలుంగాది. అడ్డంగా పడుకోబెట్టి దాచే చల్లటి చోటు ఉంటేనే కొనండి, మన ఎండలకు వంటగది అలమారలో పెడితే పాడైపోతుంది.