తాతయ్య కాగితాలకి ఏది మేలు: లామినేషనా, కవరా?

అటక మీది ట్రంకు పెట్టె దించితే, పాత శుభలేఖల అడుగున తాతయ్య కాగితాలు దొరికాయి. అందులో ఒకటి యుద్ధం ముగిశాక 1946లో సైన్యం ఇచ్చిన డిశ్చార్జి సర్టిఫికెట్. మిగతావన్నీ రైల్వేవి. బెజవాడలో గ్యాంగ్‌మన్‌గా ఆయన చేసింది ఒకటే ఉద్యోగం, కాగితాల మీద రైల్వే పేర్లు మాత్రం మూడు: మొదట మద్రాస్ అండ్ సదరన్ మరాఠా, 1951 నుంచి సదరన్, 1966 నుంచి సౌత్ సెంట్రల్.

"లామినేషన్ చేయించేద్దాం రా, ఇంక చూసుకోనక్కర్లేదు" అన్నాడు బాబాయి. నాకు మనసొప్పలేదు. నా పదో తరగతి సర్టిఫికెట్‌కి అలాగే చేయించి, తర్వాత ఏదో అవసరానికి ప్లాస్టిక్ తీయబోతే కాగితం పొర కూడా దాంతోపాటే ఊడొచ్చింది.

లామినేషన్‌లో సుఖం లేదని కాదు. జిరాక్స్ షాపులో రెండు నిమిషాల పని, నీళ్లు ఒలికినా భయం లేదు, పిల్లల చేతికీ ఇవ్వొచ్చు. కానీ వేడికి కరిగిన జిగురు కాగితం పీచులోకి దిగిపోతుంది. మళ్లీ వెనక్కి తీయడం దాదాపు అసాధ్యం. పైగా పాత కాగితంలో ఉండే ఆమ్లం ఎక్కడికీ పోదు, ప్లాస్టిక్ లోపల కూడా కాగితం పచ్చబడుతూ పెళుసెక్కుతూనే ఉంటుంది.

కవరు అలా కాదు, కాగితాన్ని ఎప్పుడంటే అప్పుడు బయటికి తీయొచ్చు. అయితే ఏ కవరు పడితే అది పనికిరాదు. మెత్తగా, కొత్త ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ కవర్లకి కొన్నేళ్లలో సిరా అంటుకుపోతుంది. మైలార్ అనే పాలిస్టర్ కవర్లు కొనాలి. పెట్టేముందు తుప్పు పిన్నులు మెల్లగా తీసేయాలి, చిరుగులకి సెలోటేపు జోలికి పోకూడదు. చెమ్మ, కాగితాలు కొరికే వెండిచేప పురుగుల బెడద మాత్రం తప్పదు. ఏడాదికోసారైనా తెరిచి చూడాలి. ఆ ఓపిక లేనివాళ్లకి కవరూ కాపాడదు.

ఫ్రేము కట్టించడం మూడో దారి. హాల్లో గొప్పగానే ఉంటుంది గానీ వెలుతురుకి సిరా వెలిసిపోతుంది, వెనకవైపు కనబడదు. మా సర్టిఫికెట్ వెనకాల పెన్సిల్‌తో నాన్నమ్మ రాసిన పాల లెక్క ఉంది! తాతయ్య యుద్ధానికి వెళ్లొచ్చిన కాగితం మీద ఆవిడ ఏ ధైర్యంతో రాసిందో గానీ, నాకు ముందువైపు కంటే అదే ముద్దు.

ఏ దారి పట్టినా ముందు రెండు వైపులా స్కాన్ చేయాలి. కాగితాలకి 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క) చాలు, ఫొటోలకి 600 పెట్టుకోవాలి. స్కానర్ లేకపోతే ఫ్లాష్ ఆపేసి, పగటి వెలుతురులో ఫోన్‌తో తీసినా నయమే.

చివరికి అసలు కాగితాలు కవర్లలోకి వెళ్లాయి. బాబాయి కోసం సర్టిఫికెట్ కలర్ జిరాక్స్‌కి లామినేషన్ చేయించాం. పాల లెక్క కూడా కనబడేలా రెండు వైపులా తీయించమన్నాడు.