కార్డులు అదిరాయి, బ్రోచర్ల మడతే చెడగొట్టారు

విజిటింగ్ కార్డులు, మధ్యకి మడిచే బ్రోచర్లు ఒకే ప్రెస్‌లో చేయించాం. కార్డులకి వంక పెట్టడానికి లేదు. 350 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని కాగితం బరువు చెప్పే లెక్క) ఆర్ట్ కార్డు మీద మ్యాట్ లామినేషన్, అంటే మెరుపు లేని సన్నటి ప్లాస్టిక్ పొర వేసి, లోగో మీద మాత్రం స్పాట్ యూవీ అనే మెరిసే పూత కొట్టారు, వెలుతురులో కాస్త వంచి చూస్తే లోగో ఒక్కటే తళుక్కుమంటుంది, వేలితో తడిమితే దాని అంచు తెలుస్తుంది. అచ్చుకీ యూవీకీ వెంట్రుకవాసి తేడా లేదు, పనితనం తెలిసేది అక్కడే. కార్డులది ముదురు రంగు కదా, మ్యాట్ మీద గీతలు, వేలిముద్రలు ఇట్టే కనిపిస్తాయి, అది వాళ్ల తప్పు కాదులెండి.

బ్రోచర్ల దగ్గరే ఒళ్లు మండింది. 250 జీఎస్ఎం కాగితాన్ని క్రీజింగ్ (మడత వచ్చేచోట ముందే గాడి నొక్కడం) చేయకుండా నేరుగా మడిచేశారు! మడత పొడవునా రంగు పగిలి తెల్లటి గీత. అంత మందం కాగితానికి ముందు క్రీజ్ గాడి పడాలి, వీలైతే మడత కాగితం గ్రెయిన్ దిశలోనే, అంటే దాని పీచు సాగిన వైపే రావాలి, పైగా ఇది డిజిటల్ ప్రింట్, టోనర్ (పొడి రంగు) పైపొరలా ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా పగులుతుంది. అడిగితే "అన్నీ అలాగే వస్తాయండీ" అన్నారు. గట్టిగా పట్టుబడితే మళ్లీ వేసిచ్చారు, ఈసారి మడత నీట్‌గా ఉంది. కార్డులకైతే మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్తాను, మడత పని ఉంటే మాత్రం ఒక నమూనా మడిచి చూపించాకే మిగతావి చేయమంటాను.