"రన్నింగ్ కండిషన్" మాట నమ్మి పాత మిలిటరీ లారీ కొనేముందు ఇది చదవండి

నాకు లారీ అమ్మినాయన నిన్న ఇంకోటి అమ్మకానికి పెట్టాడు. అదే ముదురు ఆకుపచ్చ రంగు, బానెట్ మీద అదే తెల్ల నక్షత్రం, కింద అదే మాట: "ఫుల్ రన్నింగ్ కండిషన్, ఎక్కి తోలుకుపోవడమే". ఆయన పేరు రాయను, మా మధ్య గొడవ ఇంకా తేలలేదు. నేను ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో మాత్రం దాచుకోకుండా చెబుతాను. పాత మిలిటరీ లారీ కొని బాగుచేసుకుందామని చూస్తున్నవాళ్ళు అడ్వాన్సు ఇచ్చేముందు ఒకసారి చదవండి.

నేను కొన్నది జీఎంసీ సీసీకేడబ్ల్యూ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన రెండున్నర టన్నుల లారీ. మూడు యాక్సిళ్ళకూ డ్రైవ్ ఉంటుంది. 1941 నుంచి 1945 దాకా 5 లక్షలకు పైగా తయారయ్యాయి. 1944 ఆగస్టు 25 నుంచి నవంబరు 16 వరకు ఫ్రాన్స్‌లో సైన్యం వెనకాలే పెట్రోలు, మందుగుండు మోసిన రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ అనే లారీల బారు నడిచింది ఎక్కువగా వీటి మీదే. నిజం చెప్పాలంటే నన్ను ముంచింది ఆ కథే. అమ్మినాయన కూడా ఇంజన్ గురించి రెండు ముక్కలు చెప్పి, రెడ్ బాల్ గురించి అరగంట చెప్పాడు. నేను నోరు తెరుచుకుని విన్నాను.

ముందు వీడియో పంపాడు. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది, నిమిషం పాటు చక్కగా తిరిగింది. చూడటానికి వెళ్ళినప్పుడు కూడా అంతే, ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్. అలవాటు కొద్దీ రేడియేటర్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. "మీరొస్తున్నారని ఇందాకే కాసేపు తిప్పాను సార్" అన్నాడు. మంచి మనిషి, మన కోసం సిద్ధం చేసి పెట్టాడనుకున్నాను. ఆ వెచ్చదనం దగ్గరే వెనక్కి తిరిగి రావాల్సింది.

లారీ ఇంటికొచ్చాక మర్నాడు పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజన్ మూలిగి మూలిగి ఆగిపోయింది. బ్యాటరీ మార్చినా అదే తంతు. కేబుళ్ళు చూస్తే అర్థమైంది. ఈ లారీ కరెంటు 6 వోల్టులది. అదే పని 12 వోల్టుల బండిలో జరగడానికి పట్టే కరెంటుకి ఇక్కడ రెట్టింపు కావాలి, కాబట్టి కేబుల్ బాగా లావుగా ఉండాలి. ఆయన మామూలు కారు కేబుళ్ళు బిగించాడు. చల్లటి ఇంజన్‌ని తిప్పేంత కరెంటు వాటిలోంచి రాదు. వేడెక్కి, ఆయిల్ పలచబడ్డాక అయితే ఎలాగో తిరుగుతుంది. వెచ్చటి రేడియేటర్ వెనక కథ అదీ. ఇది చిన్న రిపేరే, రెండు లావు కేబుళ్ళు వేస్తే పోయింది. కానీ చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడం నేను చూడలేదన్న సంగతి అప్పుడు తట్టింది. అంటే ఈ ఇంజన్ గురించి నాకు తెలిసిందేమీ లేదు.

అక్కడి నుంచి ఒక్కొక్కటే బయటపడింది. సీటు వెనక గోనెసంచి కింద ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, దాని మూతకి చిల్లు, అందులోంచి రబ్బరు పైపు నేరుగా ఫ్యూయల్ పంపుకి. దాదాపు 150 లీటర్లు పట్టే అసలు ట్యాంకుకీ ఇంజన్‌కీ సంబంధమే లేదు. ట్యాంకు మూత తీసి టార్చి వేస్తే లోపల తుప్పు, దాని మీద ఎప్పుడో పోసిన కోటింగ్ ఎండిన అరటాకులా పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. ఆ పొరలు విరిగి పైపులో పడితే ఎన్ని ఫిల్టర్లు మార్చినా ఇంజన్ నడిరోడ్డు మీద ఆగుతుంది. పైన ఇంకో కోటింగ్ పోయడం దండగ, పాతది మొత్తం గీకి తీయాల్సిందే. డబ్బాలోంచి నడిచే ఇంజన్‌ని ట్యాంకులోంచి నడవమంటే చాలు, సగం బండారం బయటపడేది. నేను అడగలేదు.

ఇప్పుడు అసలు దెబ్బ. కేబుళ్ళు మార్చి, పైపులు కడిగి, ఇంజన్‌ని అరగంట తిప్పాను. ఇరవై నిమిషాలకి టెంపరేచర్ ముల్లు పైకి లేచింది, ఇంజన్ బ్లాక్ పక్కన సన్నగా ఆవిరి. ఆపేసి, చల్లారాక గుడ్డ పెట్టి తుడుస్తుంటే రంగు పెచ్చులా ఊడి చేతికొచ్చింది. దాని కింద బూడిద రంగు పుట్టీ. గోరుతో గీరితే జానెడు పొడవు గీత, ఇనుము మీద జుట్టు వెంట్రుకంత సన్నగా. ఎవరో ఎప్పుడో ఉత్త నీళ్ళు పోసి చలిలో వదిలేశారు, లోపల నీళ్ళు గడ్డకట్టి, ఇంజన్ చుట్టూ నీళ్ళు తిరిగే వాటర్ జాకెట్ గోడని చీల్చేశాయి. తర్వాతివాడు దాని మీద ఎపాక్సీ జిగురు పూసి, పైన మందంగా రంగు కొట్టాడు. పది నిమిషాల వీడియోకి ఎపాక్సీ ఆగుతుంది. ఇనుము వేడికి వ్యాకోచించేసరికి వదిలేస్తుంది. మసిపూసి మారేడుకాయ చేయడమంటే అక్షరాలా ఇదే.

పోత ఇనుము పగులుకి మామూలు వెల్డింగు కొడితే పక్కనే కొత్త పగులు వస్తుంది. మెటల్ స్టిచింగ్ అని ఉంది, పగులు పొడవునా చిన్న చిన్న మరల పిన్నులు ఒకదాన్నొకటి కరిచేలా బిగించుకుంటూ పోతారు. నా బ్లాక్ ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళ దగ్గరే ఉంది.

రంగు గురించి ఇంకో మాట. కొత్త రంగు చూసి మురిసిపోకండి, రంగు ఎక్కడెక్కడ పడిందో చూడండి. నా లారీలో గ్రీజు ఎక్కించే నిపుళ్ళ మీద కూడా రంగు ఉంది. స్ప్రింగు షాకిళ్ళు, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు, స్టీరింగ్ లింకులు, అన్నీ ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. నిపుల్ నోటికి రంగు అంటుకుని ఉందంటే రంగు వేశాక గ్రీజు గన్ అక్కడికి రాలేదని. బ్రేకు గొట్టాల రబ్బరు మీద, వైర్ల మీద కూడా స్ప్రే కొట్టేశాడు. పైన పటారం, లోన లొటారం.

బ్రేకుల దగ్గర మాత్రం నవ్వులాట లేదు. ఇందులో హైడ్రాలిక్ బ్రేకు ఒకటే సర్క్యూట్. ఒక చక్రం దగ్గర లీకైతే మొత్తం ఆరు చక్రాల బ్రేకూ పోతుంది, ఈనాటి బండ్లలోలా రెండో లైను కాపాడదు. పెడల్‌కి సాయంగా ఇంజన్ వాక్యూమ్‌తో పనిచేసే హైడ్రోవాక్ ఉంటుంది. దాన్ని పరీక్షించడం చాలా తేలిక. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి, తర్వాత కాలు నొక్కిపట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే హైడ్రోవాక్ పనిచేయడం లేదు. ఆ తర్వాత కాలు తీయకుండా ఒక నిమిషం ఉండండి. పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. నా పెడల్ అలాగే దిగిపోయింది. విచిత్రం ఏంటంటే కింద చుక్క ఫ్లూయిడ్ లేదు, డ్రమ్ములు పొడిగా ఉన్నాయి, రిజర్వాయరులో మాత్రం మట్టం తగ్గుతోంది. మా మెకానిక్ సైలెన్సర్ వైపు చూపించి "పొగ చూడండి సార్" అన్నాడు. తెల్లటి పొగ. హైడ్రోవాక్ లోపలి సీలు పోయి, బ్రేకు ఫ్లూయిడ్ వాక్యూమ్ గొట్టంలోంచి ఇంజన్‌లోకి పోయి కాలిపోతోంది! చూడటానికి వెళ్ళిన రోజు కూడా ఆ పొగ వచ్చింది. "పాత ఇంజన్ కదా సార్, కాస్త పొగ ఉంటుంది" అంటే తల ఊపాను.

బ్రేకు ఫ్లూయిడ్ విషయంలో కూడా ఏది పడితే అది పోయకండి. ఎక్కువకాలం నిలబెట్టే బండ్లకి కొందరు సిలికాన్ రకం డాట్ 5 వాడతారు, అది మామూలు రకాలైన డాట్ 3, డాట్ 4లతో కలవదు. లోపల ఏముందో తెలియకపోతే మొత్తం తీసేసి, కడిగి, కొత్తగా పోసుకోవడమే.

ఇది మాత్రం డబ్బుకి సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. ఈ చక్రాలకి టైరుని రిమ్ము మీద పట్టి ఉంచేది లాక్ రింగు. లోపల గాలి ఒత్తిడి ఉండగా ఆ రింగు ఎగిరి వచ్చిందంటే ఎదురుగా ఉన్న మనిషి బతకడం కష్టం. వెనక ఎడమ చక్రం తీద్దామని స్పానర్ పెట్టబోతుంటే మా మెకానిక్ చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. రింగు ఒక వైపు వేలెడంత పైకి లేచి ఉంది, రెండు కొసల మధ్య సందు ఎక్కువగా ఉంది. వేరే రిమ్ము రింగు తెచ్చి ఇరికించారు. రంగు వేయడంతో దూరం నుంచి తేడా తెలియలేదు. వాల్వ్ లోపలి పిన్ను తీసేసి, గాలి ఒక్క చుక్క కూడా లేకుండా పోయాకే చక్రం ముట్టుకోవాలి. మళ్ళీ గాలి కొట్టేటప్పుడు ఇనుప బోనులో పెట్టి, పొడుగాటి గొట్టంతో, పక్కన నిలబడి కొట్టాలి. అలాంటి బోను లేని చోట ఈ టైర్ల పని చేయించకండి, ఎంత అనుభవం ఉందని చెప్పినా సరే.

టైర్ల మీద డేటు కోడ్ కూడా చూడండి. 2000 నుంచి నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నా వాటి మీద మూడే అంకెలు ఉన్నాయి. అంటే 2000 కంటే ముందువి. పైన నల్లగా మెరుస్తున్నాయి, పక్క గోడలో బొటనవేలు పెట్టి నొక్కితే సన్నటి పగుళ్ళు విచ్చుకున్నాయి.

ఇక కాగితాల సంగతి. కాగితంలో, ప్లేటు మీద ఉన్నది బండితో సరిపోతుందో లేదో ఎవరూ టేపు పెట్టి కొలవరు. డాష్‌బోర్డు ప్లేటు మీద సీసీకేడబ్ల్యూ 353 అని ఉంది. 353 అంటే పొడుగు ఛాసిస్, వీల్‌బేస్ 164 అంగుళాలు. పొట్టిది 352, దానిది 145. ముందు యాక్సిల్ మధ్య నుంచి వెనక రెండు యాక్సిళ్ళ నడిమధ్యకి టేపు పెడితే నాకు 145 వచ్చింది. పొట్టి లారీకి పొడుగు లారీ ప్లేటు! రివెట్లు చూస్తే కొత్తవి, తలల మీద గీత కూడా లేదు. ఇలాంటి ప్లేట్లు కొత్తగా అచ్చువేసినవి దొరుకుతాయి, వేయించుకోవడం తప్పేం కాదు, కానీ అమ్మేటప్పుడు చెప్పాలి. నా రిజిస్ట్రేషన్ కాగితంలోని నంబరు ప్లేటుతో సరిపోయింది, ఛాసిస్ మీద కొట్టిన నంబరుతో సరిపోలేదు. ఇంజన్, బ్రేకులు డబ్బుతో బాగవుతాయి. ఈ నంబరు గొడవ బాగవుతుందో లేదో నాకే ఇంకా టెన్షన్‌గా ఉంది. కొనకముందే గుడ్డకి థిన్నర్ రాసుకుని ఛాసిస్ నంబరు దగ్గర రంగు తుడవండి. తుడవనివ్వకపోతే అక్కణ్ణుంచే వచ్చేయండి.

ఒక ఫ్రీ బహుమతి కూడా ఇచ్చాడు పాపం, "స్పేర్ డిఫరెన్షియల్ ఉంచుకోండి సార్" అని. యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల భాగం అది. ఈ లారీలు రెండు రకాల యాక్సిళ్ళతో వచ్చాయి, స్ప్లిట్ రకం ఒకటి, బాంజో రకం ఒకటి. స్ప్లిట్‌లో హౌసింగు రెండు ముక్కలు బోల్టులతో కలిసి ఉంటుంది, బాంజోలో గుండ్రటి కుండకి వెనక మూత ఉంటుంది. ఒకదాని లోపలి భాగాలు ఇంకోదానికి పట్టవు. నా లారీ స్ప్లిట్, ఆయన ఇచ్చింది బాంజో. నలుగురం కలిసి ఎత్తి వ్యాన్‌లో పెట్టుకొచ్చాం.

ఫోన్ చేస్తే ఆయన జవాబు ఒకటే: "ఉన్నది ఉన్నట్టు అమ్మాను, మీరు చూసుకునే కొన్నారు." కాగితంలో అలాగే రాసి ఉంది, నేను సంతకం కూడా పెట్టాను. "రన్నింగ్ కండిషన్" అన్న మాట ప్రకటనలో ఉంది, కాగితంలో లేదు. మీరు కొంటుంటే ఆ మాట కాగితంలోకి ఎక్కించండి, అది కూడా విడమరిచి: చల్లటి ఇంజన్ సొంత ట్యాంకు పెట్రోలుతో స్టార్ట్ అయి, గంటసేపు ఆగకుండా తిరిగి, సొంత బ్రేకుతో ఆగింది అని. నిజంగా నడిచే లారీ అయితే అమ్మేవాడికి ఇలా రాయడానికి అభ్యంతరం ఉండదు.

ఆయన కొత్త ప్రకటన వీడియో ఇప్పుడే మళ్ళీ చూశాను. ఇంజన్ స్టార్ట్ అయ్యేటప్పుడు కెమెరా సీటు వెనక్కి తిరగలేదు. చూడటానికి వెళ్ళేవాళ్ళు ముందు రోజు రాత్రే ఫోన్ చేసి "పొద్దున నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పండి. వెళ్ళగానే నమస్కారం కంటే ముందు రేడియేటర్ మీద చెయ్యి వేయండి.